స్కూల్లో పిల్లలకు విటమిన్ డి ప్యాకెట్లు తాగిస్తారంట, సంతకం పెట్టాలా వద్దా? (కర్నూలు)

బురుజు_పక్కిల్లు
మా పాపకు తొమ్మిది నిండాయి, నాలుగో తరగతి. కర్నూల్లో ఒక ప్రైవేటు స్కూలు. నిన్న డైరీకి ఒక కాగితం పిన్ను కొట్టి పంపించారు. వచ్చే శనివారం ఎవరో ల్యాబ్ వాళ్ళు స్కూలుకే వచ్చి పిల్లలందరికీ విటమిన్ డి రక్తపరీక్ష చేస్తారంట, 600 రూపాయలు కట్టాలంట. "తక్కువ ఉన్నవారికి" వారానికి ఒక 60,000 యూనిట్ల ప్యాకెట్ చొప్పున 12 వారాలు స్కూల్లోనే పాలలో కలిపి తాగిస్తారంట. కింద తల్లిదండ్రుల సంతకం. సోమవారం లోపల తిరిగి పంపాలి.

నాకు అర్థం కానిది ఒకటే. కర్నూల్లో విటమిన్ డి తక్కువ ఏంటండీ? ఏప్రిల్లో మా డాబా మీద వడియాలు పెడితే సాయంత్రానికి పెళపెళమంటాయి. మా ఆయనేమో "పెట్టేయ్, విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది" అంటున్నాడు. మా అత్తకు సూది అంటేనే పడదు. పాపకు జబ్బేమీ లేదు, అప్పుడప్పుడు రాత్రిపూట కాళ్ళు లాగుతున్నాయి అంటుంది. మీ పిల్లలకు ఎవరైనా ఇప్పించారా?

ఉగ్గాని_బజ్జి
మన ఎండను ప్యాకెట్లలో కట్టి చలి దేశాలకు అమ్ముకోవాల్సింది పోయి, మనమే కొనుక్కుంటున్నామా తల్లీ.

నల్లరేగడి
ల్యాబోళ్ళ దందా ఇది. పోయిన ఏడు మా చెల్లెలి పిల్లల స్కూల్లో ఉచిత కంటి పరీక్ష అన్నారు, సగం క్లాసుకు అద్దాలు వచ్చినాయి. మన తాతలు ఏ ప్యాకెట్ తాగినారు? సంతకం పెట్టొద్దు.

కడప_మందులషాపు
సంతకం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఆయన మాట సరిచేయాలక్కా. మూత్రంలో పోయేవి బి, సి విటమిన్లు. డి కొవ్వులో కరిగేది, ఒంట్లో నిలవ ఉంటుంది. 60,000ని ఏడు రోజులకు పంచితే రోజుకు 8,500 పైమాటే. మీ పాప వయసుకు రోజుకు కావలసింది 600. డాక్టరు చూపులో లేకుండా రోజూ వేసుకోవడానికి ఆ వయసుకు పైహద్దు 4,000. 12 వారాలంటే మొత్తం 7,20,000 యూనిట్లు. విటమినే కదా అని చాక్లెట్లు పంచినట్టు పంచేది కాదు ఇది.

సజ్జరొట్టె
పైన మందులషాపు అన్న చెప్పింది మా ఇంట్లోనే జరిగింది. మా ఆడబిడ్డ కొడుకు, ఆరేళ్ళు. కాళ్ళనొప్పులని చూపిస్తే వారానికొక ప్యాకెట్ రాశారు. చీటీలో రాత వాళ్ళకు అర్థం కాలేదు, అడగడానికి మొహమాటపడ్డారు. రోజుకొకటి అనుకుని పొద్దున్నే పాలలో కలిపి తాగించేశారు. 18 రోజులు!

మొదట అన్నం వద్దన్నాడు. తర్వాత వాంతులు. విరోచనం కాదు. చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతాడు, గంటకోసారి ఒంటికి పోతాడు. మేము షుగరేమో అని భయపడ్డాం. ఆసుపత్రిలో చూస్తే షుగరు బాగానే ఉంది, రక్తంలో కాల్షియం 13.8. మామూలుగా పదిన్నర దాటకూడదంట. ఆరు రోజులు సెలైన్ పెట్టి ఉంచారు. ఖాళీ ప్యాకెట్లు ఎన్ని అని డాక్టరమ్మ అడిగితే మా ఆడబిడ్డ చెత్తబుట్ట బోర్లించి లెక్కపెట్టింది. ఇప్పుడు వాడు బాగున్నాడు. కానీ కిడ్నీలో ఏమైనా గట్టిపడిందేమో అని రెండుసార్లు స్కాన్ తీయించాం.

బురుజు_పక్కిల్లు
అమ్మో. ఇది చదివి నాకు చేతులు వణికినాయి. మా ఆయనకు చదివి వినిపించా. "అది వాళ్ళ పొరపాటు, మందు తప్పు కాదు" అన్నాడు, కానీ ఇప్పుడు పెట్టేయ్ అనడం మానేశాడు.

పిల్లలవార్డు_పీజీ
పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్నాను, ఊరు చెప్పను. కొంచెం పొడుగ్గా రాస్తా.

వారానికి 60,000 అనేది మేమూ రాస్తాం. కానీ అది వైద్యం. లోపం ఉందని తేలిన బిడ్డకు, ఒక లెక్క ప్రకారం, కొన్ని వారాలు ఇచ్చి ఆపేస్తాం. ఆ తర్వాత రోజుకు కొద్దిపాటి మోతాదు. లోపం రాకుండా చూసుకోవడం వేరే సంగతి. దానికి మన జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ 2020లో ఇచ్చిన లెక్క ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 600, ఏడాది లోపు వాళ్ళకు 400. మీ స్కూలు కాగితంలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఇంకో కిటుకు ఉంది, అది ఎవరూ అడగరు. "తక్కువ" అంటే ఎంతకంటే తక్కువ? గట్టి లోపం, అంటే ఎముకలు మెత్తబడే రికెట్స్ ప్రమాదం, మిల్లీలీటరు రక్తంలో 12 నానోగ్రాముల కింద. 20 పైన ఉంటే పిల్లల ఎముకలకు చాలు. చాలా ల్యాబ్ రిపోర్టుల్లో మాత్రం 30 కింద ఉంటే ఎర్ర అక్షరాలతో "తక్కువ" అని వస్తుంది. 30 గీత పెట్టుకుంటే మీ పాప క్లాసులో దాదాపు అందరూ తక్కువే అవుతారు. 22 ఉన్న పిల్లకు 7,20,000 యూనిట్లు తాగించే పని లేదు.

అలాగని లోపమే లేదనుకోవద్దు. 2016-18లో దేశమంతా చేసిన పోషకాహార సర్వేలో 5-9 ఏళ్ళ పిల్లల్లో 18 శాతం, 10-19 ఏళ్ళ వాళ్ళలో 24 శాతం ఆ 12 గీత కిందే ఉన్నారు.

నల్లరేగడి
నూటికి 18 అంటే మిగతా 82 మంది బాగున్నట్టే కదా డాక్టరు సారూ. మరి అందరికీ ఎందుకు ఈ గోల?

పిల్లలవార్డు_పీజీ
బాగున్నట్టు కాదు, 12 పైన ఉన్నట్టు. 12కీ 20కీ మధ్య ఉన్న వాళ్ళు వేరే. అయినా మీ మాటలో సగం నిజం ఉంది. అందరికీ సూది గుచ్చి పరీక్ష చేయమని ఎవరూ చెప్పలేదు. 2024లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ, అంటే హార్మోన్ల డాక్టర్ల సంఘం, ఇచ్చిన సూచనలు కూడా అంతే. 1 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు డి ఇవ్వొచ్చు, దానికోసం జబ్బు లక్షణాలేవీ లేని పిల్లలకు రక్తపరీక్ష అక్కర్లేదు అన్నారు.

ఉగ్గాని_బజ్జి
అంటే 600 రూపాయలు వద్దు, 600 యూనిట్లు ముద్దు. రాసుకోండి.

తెల్ల_సుద్దముక్క
అనంతపురం జిల్లాలో ప్రభుత్వ బడి టీచర్ని. మా దగ్గర వారానికోసారి ఐరన్ మాత్ర ఉంటుంది, చిన్నవాళ్ళకు గులాబీ రంగుది, పెద్దవాళ్ళకు నీలం రంగుది. నులిపురుగుల మాత్ర ఉంటుంది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు, కొన్ని రోజులు రాగిజావ, కొన్ని రోజులు చిక్కీ. విటమిన్ డి మాత్రం ఏమీ లేదు.

"ఇంత ఎండలో లోపమేంది" అని అడిగినవాళ్ళు ఒకసారి మా బడికి రావాలి. ఆవరణ మొత్తానికి ఒక్కటే వేపచెట్టు. ఇంటర్వెల్ గంట కొట్టగానే నూరు మంది పైన దాని నీడలోకే పరుగు. నీడ జరిగితే వాళ్ళూ జరుగుతారు. మధ్యాహ్నానికి నీడ చిన్నదైతే ఒకరి మీద ఒకరు కూర్చుంటారు కానీ బయటికి మాత్రం రారు. తప్పు వాళ్ళది కాదు, నేనూ అక్కడే నిలబడతా. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు, పన్నెండున్నరకు వదిలితే తల మీద పుస్తకం పెట్టుకుని ఇంటికి ఒకటే ఉరుకు. మన దగ్గర ఎండ ఎక్కువగా ఉండటమే కష్టం. ఎక్కువ కాబట్టే దాక్కుంటాం.

తుంగభద్ర_గట్టు
నిజమే మేడం. మా వాడు వాన్‌లో పోతాడు, వాన్‌లో వస్తాడు. స్కూలు గ్రౌండు మీద గ్రీన్ నెట్ కప్పారు. ఆటల పీరియడ్ సాయంత్రం నాలుగుకు, అదీ పరీక్షలప్పుడు లెక్కల సారు లాగేసుకుంటాడు.

గొంగడి
నల్లరేగడన్నా, తాతల మాట తీసినావు కాబట్టి చెప్తా. మాది రాయదుర్గం సైడు, గొర్రెలోళ్ళం. మా తాత, మా నాయన పొద్దన నుంచి పొద్దుగూకేదాకా మంద వెంట తిరిగినోళ్ళు. చొక్కా పండగకే. మా నాయన వీపు మీద నీళ్ళు పోస్తే మాడిన పెనం మీద పోసినట్టే ఉంటుంది. వాళ్ళకు ప్యాకెట్ ఎందుకు?

నా కొడుకును చూడు. కోచింగ్ హాస్టల్లో వేసినాను, ఇంటర్. ఐదింటికి లేపుతారు, రాత్రి పది దాకా ట్యూబులైటు కిందనే. దసరాకు ఇంటికొస్తే మా అమ్మ గుర్తుపట్టలే, "ఎవురప్పా ఈ తెల్లపిల్లోడు" అనింది. అందరూ మెచ్చుకున్నారు, రంగొచ్చిందని. మూడు నెలలు తిరక్కముందే నడుము నొప్పి, మెట్లెక్కాలంటే తొడలు పట్టేస్తున్నాయి అన్నాడు. పరీక్ష చేయిస్తే 7.

సజ్జరొట్టె
7 ఆ!! గొర్రెలోళ్ళ ఇంట్లో!

గొంగడి
అదే నేనూ అన్నా డాక్టరుతో. ఆయన నవ్వి, "ఎండ తగలాల్సింది మీ నాయన వీపుకు కాదయ్యా, వీనికి" అన్నాడు.

రోజా_వీధి
కర్నూలు వన్ టౌన్ నుంచి. మా పెద్దమ్మాయికి 15. నిండా కప్పుకునే బట్టలే వేస్తుంది, దాని ఇష్టంతోనే. దానికి ఎక్కువ లోపం ఉంటుందా? ఇంకోటి, క్యాప్సూల్ పైన ఉండే జెలటిన్ దేంతో చేస్తారో తెలీదు కాబట్టి మేము తీసుకోం. వేరే రకం దొరుకుతుందా?

నల్లరేగడి
అంతా కప్పుకుంటే డి ఎట్లొస్తుంది మరి.

రోజా_వీధి
భాయ్, మీ వీధిలో స్కూటీ మీద పోయే అమ్మాయిలను ఒకసారి చూడండి. ముఖానికి చున్నీ, చేతులకు మోచేతి దాకా గ్లౌజులు, కళ్ళకు నల్లద్దాలు. మా అమ్మాయికి కనీసం కళ్ళన్నా కనపడతాయి.

ఉగ్గాని_బజ్జి
నల్లరేగడన్న క్లీన్ బౌల్డ్.

పిల్లలవార్డు_పీజీ
రోజా_వీధి మేడం, చర్మం ఎంత బయట ఉంటే అంత తయారవుతుంది. కాబట్టి కప్పుకునే పిల్లలకు అవకాశం తక్కువే, స్కూటీ అమ్మాయిలకూ తక్కువే. రంగు కూడా లెక్కే. చర్మంలో నల్లటి పదార్థం ఎక్కువ ఉన్నవాళ్ళు అంతే డి తయారు చేసుకోవడానికి ఎక్కువసేపు ఎండలో ఉండాలి. మీ అమ్మాయి వయసుకు పరీక్ష లేకుండానే రోజుకు 600 వేయొచ్చు. నొప్పులు, నీరసం ఉంటే మాత్రం చూపించండి.

కడప_మందులషాపు
జెలటిన్ సంగతి నేను చెప్తా. మెత్తటి క్యాప్సూల్స్ పైపొర ఎక్కువగా జెలటినే. చుక్కలు, సిరప్, చప్పరించే మాత్రలు, పొడి ప్యాకెట్లలో ఆ పొర ఉండదు. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో, వెనకాల ఏమేం కలిపారో చూసి తీసుకోండి. మా షాపులో జైన్ల ఇళ్ళ వాళ్ళు ఇంకా లోతుగా అడుగుతారు. ఎందుకంటే డి3 ఎక్కువగా తయారయ్యేది గొర్రె ఉన్ని మీద ఉండే జిడ్డు నుంచి. గొర్రెను కోయరు, ఉన్ని కడిగినప్పుడు వచ్చే జిడ్డే. అది కూడా వద్దనేవాళ్ళకు డి2 ఉంది, రాళ్ళ మీద, చెట్ల మీద పెరిగే రాతిపువ్వు లాంటి వాటి (లైకెన్ల) నుంచి తీసిన డి3 కూడా ఉంది, ధర ఎక్కువ.

గొంగడి
ఏందీ? గొర్రె ఉన్ని జిడ్డు నుంచా? అంటే మా తాత ఒళ్ళో పెట్టుకుని మోసినదాన్నే నేను నా కొడుక్కు షాపులో కొనిచ్చినానా?

ఉగ్గాని_బజ్జి
ఇగ మీ మందకు రాయల్టీ రావాల్సిందే.

బాస్టన్_లో_కడపోడు
చలిదేశం అన్నారు కాబట్టి వచ్చా. ఇక్కడ బోస్టన్ చుట్టుపక్కల స్కూలు పిల్లల మీదే ఒక పెద్ద అధ్యయనం జరిగింది, టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళది, 2017లో అచ్చయింది. 8 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 685 మంది. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ఆసియా వాళ్ళు, లాటినో పిల్లలు, అన్ని రకాలూ ఉన్నారు. మూడు గుంపులు చేసి రోజుకు 600, 1,000, 2,000 యూనిట్లు ఆరు నెలలు ఇచ్చారు. మొదట్లోనే నూటికి నలభై మంది దాకా పిల్లలకు 20 లోపే ఉంది, నల్లజాతి పిల్లల్లో ఇంకా ఎక్కువమందికి. 2,000 తీసుకున్నవాళ్ళకు రక్తంలో బాగా పెరిగింది. అందుకే నేను మా ఇద్దరికీ 2,000 వేస్తున్నా. మన రంగు పిల్లలకు 600 ఏ మూలకు?

పిల్లలవార్డు_పీజీ
అన్నా, అదే అధ్యయనంలో రెండో సగం కూడా చెప్పాలి. మోతాదు పెంచిన కొద్దీ రక్తంలో డి పెరిగింది గానీ, కొలెస్ట్రాల్, షుగర్ లెక్కలు అట్లా బాగుపడలేదు. రక్తంలో అంకె పెరగడం వేరు, ఒంటికి మేలు జరగడం వేరు. పైగా మీ ఊరు భూమధ్యరేఖకు 42 డిగ్రీల ఉత్తరాన ఉంది. చలికాలం నెలల తరబడి చర్మంలో డి తయారే కాదు. కర్నూలు 16 డిగ్రీల లోపే, ఏడాది పొడుగునా తయారవుతుంది. మీకు చలికాలంలో 1,000 వేసుకుంటే నేను కాదనను. 2,000 కూడా పైహద్దు లోపలే ఉంది. కానీ మీ పిల్లల లెక్క తెచ్చి ఇక్కడి పిల్లలకు పెట్టొద్దు.

బాస్టన్_లో_కడపోడు
ఒప్పుకుంటా సగం. జలుబులు, ఇన్ఫెక్షన్లు తగ్గుతాయంటారు కదా, దానికైనా పనికిరాదా?

పిల్లలవార్డు_పీజీ
జలుబుల మాట అటూ ఇటూ ఉంది, కొంచెం మేలు ఉండొచ్చు అంటారు. టీబీ విషయంలో మాత్రం గట్టి జవాబు వచ్చింది. మంగోలియాలో 8,851 మంది స్కూలు పిల్లలకు వారానికి 14,000 యూనిట్లు మూడేళ్ళు ఇచ్చి చూశారు, 2020లో అచ్చయింది. మొదట్లో దాదాపు అందరికీ డి తక్కువే. మూడేళ్ళ తర్వాత రక్తంలో డి బాగా పెరిగింది, టీబీ సోకడం మాత్రం ఏమీ తగ్గలేదు. ఎముకలకు డి కావాలి, అక్కడిదాకా సందేహం లేదు. మిగతావన్నీ డబ్బా మీద రాసుకునేవి.

నీళ్ళ_ట్యాంకర్
ఎముకలంటే గుర్తొచ్చింది. మాది కదిరి దగ్గర పల్లె. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. నా చిన్నప్పుడు మా బడిలో నవ్వితే అందరి పళ్ళూ ఇటుక రంగే. మా పెదనాయన కొడుకు ఒకడికి పదేళ్ళ వయసులో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేవి, నిక్కరు లోపలివైపు త్వరగా చిరిగిపోయేది. మా పెద్దమ్మ ఆ ఒక్కచోటే మాసికలు వేసేది, మూడు రంగుల గుడ్డ. దోస్తులు "కత్తెర" అని పిలిచేవాళ్ళు. దొడ్డికాళ్ళ పిల్లలూ ఉండేవాళ్ళు. అప్పుడు అంతా ఫ్లోరైడే అనుకున్నాం. తర్వాత సత్యసాయి పైపు నీళ్ళు వచ్చినాయి, చిన్నవాళ్ళ పళ్ళు తెల్లగా ఉన్నాయి. దీనికీ డి విటమిన్‌కూ సంబంధం ఉందా పీజీ సారూ?

పిల్లలవార్డు_పీజీ
ఉంది. నల్గొండ పల్లెల్లో ఇలాంటి వంకర కాళ్ళను 1970లలో ఎన్‌ఐఎన్ వాళ్ళే రాశారు. ఫ్లోరైడు ఒక్కటే కాదు, తిండిలో కాల్షియం తక్కువైతే ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. డి చేసే పని కూడా అదే, పేగులోంచి కాల్షియాన్ని ఒంటికి పట్టించడం. తిండిలో కాల్షియమే లేకపోతే డి ఎంత పోసినా పట్టించడానికి ఏముంది? తిరుపతిలో డాక్టర్లు మన జిల్లాల జనాన్ని పరీక్షించి 2007లో అచ్చువేసింది కూడా ఇదే. పొలాల్లో పనిచేసే వాళ్ళకు పట్నం వాళ్ళకంటే కొంచెం మేలు, అయినా చాలామందికి డి తక్కువ. తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు ఎక్కువ. ఫైటేట్లంటే గింజల పైపొట్టులో ఉండేవి.

తెల్ల_సుద్దముక్క
మరి రాగులో? సంగటి తినే సీమలో కాల్షియం తక్కువంటే మా అమ్మ ఊరుకోదు.

పిల్లలవార్డు_పీజీ
100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల ప్రాంతంలో కాల్షియం ఉంటుంది మేడం, మామూలు ధాన్యాల్లో దానికి సాటి లేదు. ఫైటేట్లూ ఉంటాయి. నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే కొంత తగ్గుతాయి. కానీ ఇప్పుడు ఎంతమంది పిల్లలు రోజూ సంగటి తింటున్నారు? పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం వరి, రాత్రి వరి. ఆదివారం నాటుకోడితో సంగటి.

కారందోసె
గుడ్డు, పాలు చాలవా డి కోసం? మా ఇంట్లో రోజుకు ఒక గుడ్డు గ్యారంటీ.

కడప_మందులషాపు
గుడ్డు మొత్తానికి 40 యూనిట్ల ప్రాంతంలో ఉంటుంది, అదీ పచ్చసొనలోనే. 600 కావాలంటే రోజుకు పదిహేను గుడ్లు తినాలి. ప్లస్, దాని పక్కన ఎఫ్ అక్షరం ఉండే నీలం గుర్తు ప్యాకెట్ మీద చూసే ఉంటారు. ఆ పాలలో, నూనెలో ఎ, డి కలిపి ఉంటాయి. పాలలో అయితే లీటరుకు 200 నుంచి 300. ఒక గ్లాసులో యాభై అరవై వస్తుంది. వద్దనడం లేదు, దాంతో సరిపోతుందనుకోవద్దు. ఇంటికొచ్చి పోసే బర్రెపాలలో అదీ ఉండదు.

కారందోసె
పదిహేను గుడ్లంటే మా వాడు ఎగిరి గంతేస్తాడు, వాళ్ళ నాయన పర్సు ఏడుస్తుంది.

లెక్కలోడు
ఎండ మాట ఎవరూ లెక్కగా చెప్పలేదు. పొద్దున ఏడింటికి పిల్లలను బాల్కనీలో నిలబెట్టి "డి వస్తుంది" అనుకునేవాళ్ళు మా అపార్టుమెంటులో నలుగురున్నారు. ఆ వేళ ఎండలో వెచ్చదనమే తప్ప డి తయారుచేసే కిరణాలు దాదాపు రావు. అద్దంలోంచి అసలు రావు, కాబట్టి వాన్ కిటికీ పక్క సీటు లెక్కలోకి రాదు. గుర్తు ఒకటే: నీ నీడ నీకంటే పొట్టిగా ఉన్నప్పుడు పడే ఎండే పనికొచ్చేది. మన కర్నూల్లో నీడ అన్నిటికంటే పొట్టిగా అయ్యేది, నెలను బట్టి, పన్నెండు, పన్నెండున్నర మధ్య. పదకొండు నుంచి రెండు లోపల వారంలో కొన్ని రోజులు, చేతులు కాళ్ళు బయటపెట్టి, పది పదిహేను నిమిషాలు. మే నెలలో మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు, వడదెబ్బ తగిలితే డి తర్వాత చూసుకోవాలి.

బురుజు_పక్కిల్లు
మే నెలలో మధ్యాహ్నం పన్నెండుకు పిల్లను డాబా మీద నిలబెడితే మా అత్త నన్ను బురుజు మీంచి తోస్తుంది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. పొద్దున వాన్ ఎక్కేటప్పుడు "టోపీ పెట్టుకో, నల్లబడతావు" అని నేనే అంటా. అది రెండేళ్ళప్పటి నుంచీ వింటున్న మాట. నిన్న గొంగడి అన్న రాసింది చదివాక అనబోయి నోరు మూసుకున్నా.

నల్లరేగడి
నేను మళ్ళీ అంటున్నా, ల్యాబ్ వాళ్ళకు స్కూలుతో వాటా ఉంటుంది. డి లోపం లేదని అనట్లేదు ఇప్పుడు. ఆ 12 వారాల ప్యాకెట్లు మాత్రం ఎవరి మేలుకో అడగండి.

పిల్లలవార్డు_పీజీ
వాటా సంగతి నాకు తెలీదు, ఊహించి ఒకరిని అనలేను. స్కూలును మాత్రం మూడు ప్రశ్నలు అడగొచ్చు. ఏ అంకె కింద ఉంటే ప్యాకెట్ ఇస్తారు? రాసేది ఏ డాక్టరు, పిల్లను చూసి రాస్తాడా? ఇప్పటికే ఇంట్లో డి చుక్కలు వాడుతున్న పిల్లలను, కిడ్నీ జబ్బో రాళ్ళో ఉన్న పిల్లలను ఎట్లా పక్కన పెడతారు? మీ పాప రాత్రి కాళ్ళనొప్పుల కోసం ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. ఎక్కువ శాతం ఎదిగే వయసు నొప్పులే. ఒకే కాలులో వస్తుంటే, పొద్దునపూట కూడా ఉంటే, కుంటుతుంటే, మణికట్టు దగ్గర ఎముక లావుగా కనపడితే మాత్రం ఆలస్యం చేయొద్దు.

మోడరేటర్
మోతాదుల చర్చ బాగుంది, కానీ ఇక్కడ చదివి ఎవరూ సొంతంగా 60,000ది కొనుక్కోవద్దు. బ్రాండ్ల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను.

బురుజు_పక్కిల్లు
ఏమైందో చెప్తా, చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు.

సోమవారం కాగితం మీద సంతకం చేయకుండా, వెనకవైపు ఆ మూడు ప్రశ్నలు రాసి పంపా. సాయంత్రం ఫోన్ వచ్చింది. మేడం గారు కోప్పడతారనుకున్నా, కానీ ఆమెకే తెలీదంట ఏ అంకె కింద ఇస్తారో. ల్యాబ్ వాళ్ళను అడిగి చెప్తా అన్నారు. రెండు రోజులకు గ్రూపులో మెసేజ్: పరీక్ష ఇష్టమున్నవాళ్ళకే, ప్యాకెట్లు స్కూల్లో ఇవ్వడం లేదు, రిపోర్టు తీసుకుని ఎవరి డాక్టరు దగ్గరికి వాళ్ళు వెళ్ళండి. మా పాప క్లాసులో సగం మంది చేయించుకున్నారు. ఒకమ్మాయికి 9 వచ్చింది, చాలా చురుకైన పిల్ల, ఎవరూ అనుకోలేదు. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి "సంతకం పెట్టకపోయుంటే తెలిసేదే కాదు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

మా పాపను డాక్టరుకు చూపించా. మణికట్టు నొక్కి చూశారు, కాళ్ళు దగ్గర పెట్టించి మోకాళ్ళ మధ్య సందు చూశారు, నడిపించారు. ఎదిగే నొప్పులే అన్నారు. పరీక్ష రాయలేదు. రోజుకు 600 వచ్చేట్టు చుక్కలు రాశారు, అన్నం తిన్నాక వేయమన్నారు. కాల్షియం కోసం పాలు, పెరుగు, రాగులు.

ఆదివారం పదకొండింటికి పాప సుద్దముక్కతో డాబా మీద తన నీడ చుట్టూ గీత గీసింది. అరగంటకు మళ్ళీ వెళ్ళి పాత గీత పక్కనే ఇంకొకటి గీసి, "అమ్మా, పొట్టిదాన్నయ్యా" అని అరిచింది. వాళ్ళ నానమ్మ గొడుగు తీసుకుని పైకొచ్చింది.

ఉగ్గాని_బజ్జి
గొడుగు నీడ కూడా గీయించాల్సింది.

గొంగడి
మావాడు ఇప్పుడు బాగున్నాడు. ఆదివారాలు గ్రౌండుకు వదలమని హాస్టల్ వాళ్ళతో కొట్లాడి ఒప్పించినా. మళ్ళీ నల్లబడినాడు. మా అమ్మ ఏడుస్తాంది, వచ్చిన రంగు పోయిందని.

కొత్తసభ్యుడు_ప్రొద్దుటూరు
పైనుంచి మొత్తం చదవలేదు. మా బాబుకు మూడేళ్ళు, పక్కింటివాళ్ళ దగ్గర 60,000 ప్యాకెట్లు నాలుగు మిగిలాయంట, ఇస్తామన్నారు. వాడొచ్చా?

సజ్జరొట్టె
తమ్ముడూ, పైకెళ్ళి నా పోస్టు చదువు. చదివాక ఆ నాలుగూ వాళ్ళకే తిరిగిచ్చేసేయ్.